హార్స్‌షూ కాన్యన్ రాతిచిత్రాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము డెన్వర్‌లో ఉంటున్నాము. యూటా రాష్ట్రంలోని హార్స్‌షూ కాన్యన్ అనే లోయలో అమెరికా మూలవాసులు ఎప్పుడో వేసిన నిలువెత్తు బొమ్మలు ఉన్నాయని విని, జూలై సెలవుల్లో వెళ్లాలనుకుంటున్నాము. మాతోపాటు మా మామగారు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, పదేళ్ల మా అబ్బాయి వస్తారు. దారి ఎలా ఉంటుంది? నడక కష్టమా?
(ఒక పాఠకురాలు, డెన్వర్)

జవాబు: ముందుగా నెల మార్చుకోండి. జూలై, ఆగస్టు నెలల్లో ఆ లోయలో ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 38 డిగ్రీల సెల్సియస్, దాటడం మామూలే. పైగా జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం పూట ఉరుములతో వానలు కురిసే కాలం అది. ఏప్రిల్, మే నెలలు గాని, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు గాని ఈ నడకకు అనువైనవి. బడి సెలవుల వల్ల జూలైలోనే వెళ్లి తీరాలంటే, ఈ లోయను మరో ఏటికి వాయిదా వేసి, ఈ జవాబు చివర చెప్పబోయే రోడ్డు పక్క చిత్రాలను చూసి రావడం మేలని నా అభిప్రాయం.

హార్స్‌షూ కాన్యన్ కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులో భాగమే అయినా పార్కు ప్రధాన భూభాగాన్ని ఆనుకొని ఉండదు. 1971లో విడిగా చేర్చిన తునక అది. అందువల్ల పార్కు చూడటానికి వచ్చినవారు దారిలో ఆగి చూసి వెళ్లే వీలు లేదు. మోయబ్ పట్టణం నుంచి సుమారు రెండున్నర గంటల ప్రయాణం పడుతుంది. ఐ-70 రహదారిపై పడమరకు వెళ్లి, గ్రీన్ రివర్ ఊరు దాటాక 24వ నంబరు రాష్ట్ర రహదారి మీదుగా దక్షిణానికి తిరిగి, గాబ్లిన్ వ్యాలీకి పోయే మలుపు దాటిన కాసేపటికి ఎడమవైపు వచ్చే మట్టిరోడ్డు పట్టుకోవాలి. అక్కడి నుంచి లోయ అంచు దాకా 30 మైళ్లు మట్టిరోడ్డే. పొడిగా ఉన్న రోజుల్లో మామూలు కారు కూడా వెళ్లగలదు గాని, వాన పడితే అదే రోడ్డు కదలనివ్వదు, గాలి వీస్తే అక్కడక్కడా ఇసుక మేటలు వేస్తుంది. బయలుదేరే ముందు పార్కు కార్యాలయానికి ఫోన్ చేసి ఆనాటి రోడ్డు పరిస్థితి కనుక్కోవడం తప్పనిసరి. పెట్రోలు గ్రీన్ రివర్‌లో గాని హ్యాంక్స్‌విల్‌లో గాని నింపుకోవాలి; ఆ తర్వాత బంకు కనిపించదు. ఫోన్ సిగ్నల్ ఉంటుందనుకొని, అది చూపించే దారినే నమ్ముకొని వెళ్లకండి. కాగితం మీద అచ్చయిన పటం ఒకటి వెంట ఉంచుకోండి.

ఇక నడక సంగతి. రానూపోనూ 7 మైళ్లు, అంటే 11 కిలోమీటర్లు. ఆగి ఆగి చూసుకుంటూ వెళ్తే అయిదారు గంటలు పడుతుంది. కారు ఆపే చోటు లోయ అంచున ఉంటుంది. అక్కడ మరుగుదొడ్డి ఉంది గాని నీళ్లు దొరకవు. అంచు నుంచి పూర్వం చమురు అన్వేషణ కోసం వేసిన పాత రోడ్డు జాడ వెంట 780 అడుగులు కిందికి దిగాలి. దిగుతున్నప్పుడు ఒంటికి ఏమంత శ్రమ తెలియదు. ఆ తర్వాత లోయ అడుగున, ఏడాదిలో చాలా భాగం ఎండిపోయి ఉండే వాగు ఇసుకలో, కాటన్‌వుడ్ చెట్ల నీడలో సాగే నడక కూడా హాయిగానే ఉంటుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. నీళ్లు సగానికి పైగా అయిపోయి, మధ్యాహ్నపు ఎండ నెత్తిన పడుతుండగా, అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారే ఇసుకలో ఆ 780 అడుగులూ తిరిగి ఎక్కాలి. కొండ ఎక్కేవాళ్లు అలిసిపోతే మధ్యలోనే వెనుదిరిగి దిగిపోవచ్చు; లోయలోకి దిగినవారికి ఆ వెసులుబాటు లేదు. అందుకే సూర్యోదయం వేళకే దిగడం మొదలుపెట్టమనీ, మనిషికి ఒక గ్యాలన్, అంటే సుమారు నాలుగు లీటర్ల నీళ్లు మోసుకు వెళ్లమనీ చెబుతారు. ఈ లెక్కలో పిసినారితనం పనికిరాదు.

మీ అత్తగారిని ఆ లోయలోకి దింపవద్దు. మామగారు రోజూ అయిదారు మైళ్లు నడిచే అలవాటు ఉన్నవారైతే రావచ్చు, లేకపోతే వారు కూడా రాకపోవడమే మంచిది. పదేళ్ల పిల్లవాడు నడకకు అలవాటు పడి ఉంటే నడవగలడు. దిగే దారిలో నున్నటి బండ మీద మూడు వేళ్ల డైనోసార్ అడుగుజాడ ఒకటి ఉంది, దాని కోసం వెతుక్కుంటూ దిగితే దూరం తెలియదు. కుక్కను తీసుకువెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, అంచు దిగువకు పెంపుడు జంతువులను రానివ్వరు.

పెద్దవాళ్ల కోసం ఇంకో దారి ఉంది. ఐ-70కి దగ్గరలో థాంప్సన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి పైన ఉన్న సీగో కాన్యన్‌లో, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మూడు వేర్వేరు కాలాల చిత్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. హార్స్‌షూలో ఉన్నటువంటి కాళ్లూ చేతులూ లేని పొడవాటి ఆకారాలు, మొక్కజొన్న పండించి బతికిన ఫ్రీమాంట్ అనే పూర్వపు ప్రజల చెక్కడాలు, ఆపైన యూట్ తెగవారు వేసిన గుర్రాల బొమ్మలు అక్కడ ఉన్నాయి. గుర్రాలు స్పెయిన్ వారి రాకతోనే ఈ ప్రాంతానికి చేరాయి కాబట్టి ఆ చివరివి ఆ తర్వాతి కాలానివని చూడగానే చెప్పవచ్చు. మోయబ్‌కు దక్షిణాన 211వ నంబరు రహదారి పక్కనున్న న్యూస్‌పేపర్ రాక్ కూడా అలాంటిదే. వందలాది చెక్కడాలు ఒకే బండ మీద కిక్కిరిసి ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇవి రెండూ చాలు. లోయ చూడలేకపోయామనే వెలితి కూడా అంతగా ఉండదు.

ప్రశ్న: హార్స్‌షూ కాన్యన్ బొమ్మలు ఎనిమిది వేల ఏళ్ల నాటివని ఒకచోట, రెండు వేల ఏళ్లవని మరోచోట చదివాను. ఏది నిజం? అసలు అక్కడ ఏముంటుంది, ఎవరు వేశారు?
(ఒక విద్యార్థి, సాల్ట్ లేక్ సిటీ)

జవాబు: అక్కడ ఏముందో మొదట చెప్పుకుంటే వయసు గురించిన వివాదం తేలిగ్గా అర్థమవుతుంది. లోయలో నాలుగు చోట్ల చిత్రాలున్నాయి. గోడ మీద ఎత్తుగా ఉండి తలెత్తి చూడవలసిన హై గ్యాలరీ, దానికి ఎదురుగా ఉన్న హార్స్‌షూ గ్యాలరీ, పెద్ద రాతిచూరు కింద రంగు చాలావరకు వెలిసిపోయిన ఆల్కోవ్ గ్యాలరీ, అన్నిటికన్నా చివర గ్రేట్ గ్యాలరీ. చాలామంది చివరిదాని కోసం తొందరపడి మొదటి మూడింటినీ దాటుకుంటూ పోతారు. అది పొరపాటని నేను అనుకుంటాను, ఎందుకంటే చిన్న బొమ్మల్లోని చేతివాటం కంటికి పట్టుబడ్డాకే పెద్ద గోడ మీద ఏది ఎలా వేశారో తెలుస్తుంది.

గ్రేట్ గ్యాలరీ సుమారు 200 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున పరుచుకొని ఉంటుంది. ఇరవైకి పైగా నిలువెత్తు ఆకారాలు ఇసుకరాతి గోడ మీద వరుసగా నిలబడి ఉంటాయి. వాటిలో పెద్దది ఏడడుగులు దాటుతుంది. భుజాలు వెడల్పుగా ఉండి కిందికి పోనుపోను సన్నబడే ఒళ్లు, కాళ్లూ చేతులూ లేని నిలువు, ఏమీ లేని కంటిగుంటలు వాటి లక్షణం. దూరం నుంచి అన్నీ ఒకే జేగురు రంగు ముద్దలుగా కనిపిస్తాయి గాని, బైనాక్యులర్స్‌తో చూస్తే ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకదాని ఒంటి మీద నిలువు చారలుంటాయి, మరొకదాని ఛాతీ మీద చిటికెన వేలంత కొమ్ముల గొర్రెలు ఉంటాయి, ఇంకొకదానిలో వేసిన రంగును ఆ తర్వాత గీకి రాతి రంగు బయటపడేలా గీతలు తీశారు. కొన్నిటికి రంగు వేలితో పులిమారు, కొన్నిటికి కుంచె వంటిదానితో గీశారు, అన్నిటికన్నా పెద్ద ఆకారానికి నోటితో ఊదినట్టు తుంపరలుగా చిమ్మారు. రంగులో ముఖ్యమైనది ఇనుప ధాతువు ఉన్న ఎర్రమన్ను, అంటే మన జేగురే.

ఈ లోయకు ఒకప్పుడు బ్యారియర్ కాన్యన్ అనే పేరుండేది. అందుకే ఈ పద్ధతి బొమ్మలను ఎక్కడ కనిపించినా బ్యారియర్ కాన్యన్ శైలి అని పిలుస్తారు. ఆ శైలికి గ్రేట్ గ్యాలరీయే నమూనా. 1940లో చిత్రకారులు దీనికి నిలువెత్తు నకలు తయారు చేయగా, 1941లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో జరిగిన మూలవాసుల కళాప్రదర్శనలో దానిని ఉంచారు. ఈ గోడ పేరు ఊరూరా తెలియడం ఆ తర్వాతి మాట.

వయసు విషయంలో ఇంత తేడా ఎందుకంటే, రాతి మీద మన్ను రంగుకు నేరుగా వయసు కట్టడం చాలా కష్టం. రేడియో కార్బన్ పద్ధతి పనిచేయాలంటే ఒకప్పుడు ప్రాణమున్న పదార్థం, అంటే బొగ్గో, జంతువుల కొవ్వో, మొక్కల జిగురో ఉండాలి. జేగురులో కార్బన్ ఉండదు. ఇక్కడ నేరుగా రంగుకు ఆ పరీక్ష చేయాలన్న ప్రయత్నాలు ఫలించలేదు. ఆ ఖాళీలో రకరకాల ఊహలు పుట్టాయి. ఈ ప్రాంతంలోని ఒక గుహలో దొరికిన చాలా పాత మట్టి బొమ్మలకూ ఈ చిత్రాలకూ పోలిక ఉందని కొందరు వీటిని ఏడెనిమిది వేల ఏళ్ల వెనక్కి తీసుకువెళ్లారు. ఎక్కువమంది మాత్రం వీటిని వ్యవసాయం రాకముందు వేటాడి, గింజలు ఏరుకొని బతికిన ఆర్కాయిక్ కాలపు చివరి వారి పనిగా భావించారు.

2014లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన రంగును వదిలిపెట్టి గోడను, దాని ముందున్న మట్టిని ప్రశ్నించింది. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువులు చీకట్లో పూడి ఉన్నంతకాలం చుట్టుపక్కల మట్టిలోని సహజ రేడియో ధార్మికత వల్ల కొంత శక్తిని లోపల దాచుకుంటూ పోతాయి. వెలుగు తగలగానే అది ఖాళీ అయిపోతుంది. ప్రయోగశాలలో ఆ నిల్వను కొలిస్తే, ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. దీన్నే ల్యూమినిసెన్స్ పద్ధతి అంటారు. గ్రేట్ గ్యాలరీ ఉన్న రాతిచూరును వాగు తెచ్చిన మేట ఒకప్పుడు పూడ్చివేసి, తర్వాత కోసుకుపోయింది. మేట తొలగక ముందు ఆ గోడ మీద బొమ్మ వేయడం సాధ్యం కాదు కాబట్టి ఆ కాలం ఒక హద్దు. అలాగే గోడ నుంచి ఒక పెద్ద బండ కొన్ని బొమ్మలతో సహా ఊడి కింద పడింది. అది పడేనాటికే బొమ్మలు ఉన్నాయి కాబట్టి పడిన కాలం రెండో హద్దు. ఆ బండ కింది ముఖం పడకముందు ఎంతకాలం వెలుగులో ఉందో కూడా కొలిచారు. మూడింటినీ కలిపి చూస్తే ఈ గోడ మీది చిత్రాలు సామాన్య శకం 1కీ 1100కీ మధ్య వేసినవని తేలింది.

కాబట్టి మీ ప్రశ్నకు సూటి జవాబు: ఎనిమిది వేల ఏళ్ల మాట ఈ గోడకు చెల్లదు, సుమారు 900 ఏళ్ల నుంచి 2000 ఏళ్ల క్రితం వరకు అనడం సరైనది. పాత పుస్తకాల్లో పెద్ద అంకె కనిపిస్తే అది 2014కు ముందు మాట అనుకోండి. అయితే ఈ లెక్క ఈ ఒక్క గోడదేననీ, ఇదే శైలి ఉన్న ఇతర చోట్ల వయసు వేరుగా ఉండవచ్చుననీ ఆ పరిశోధకులే స్పష్టంగా రాశారు.

ఎవరు వేశారన్న ప్రశ్న దీనితో ఇంకా ఆసక్తికరంగా మారింది. ఆ కాలం, వేటతో బతికే జీవనం నుంచి మొక్కజొన్న పండించే ఫ్రీమాంట్ సంస్కృతి తలెత్తుతున్న కాలం. ఫ్రీమాంట్ ప్రజల బొమ్మలు చాలావరకు త్రికోణంలా ఉండే ఒళ్లతో, చేతులతో, నగలతో ఉంటాయి. ఈ చేతులు లేని పొడవాటి ఆకారాలతో వాటికి చుట్టరికం ఉందా, లేక రెండు రకాల మనుషులు కొంతకాలం ఒకే నేల మీద పక్కపక్కన బతికారా అన్నది ఇప్పుడు నడుస్తున్న చర్చ. వేసినవారు అంతరించిపోయారని మాత్రం అనుకోవద్దు. హోపీ, జూనీ, యూట్, పయూట్, నవాహో తెగల వారు ఈనాటికీ ఈ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే ఉన్నారు, ఈ ప్రాంతంతో తమకున్న సంబంధాన్ని గట్టిగా చెప్పుకుంటారు.

ప్రశ్న: అక్కడి ఒక బొమ్మను "హోలీ గోస్ట్", అంటే క్రైస్తవుల పరిశుద్ధాత్మ, అంటారట. అది గ్రహాంతరవాసి బొమ్మ అని టీవీలో చూపించారు. మీరేమంటారు?
(ఒక పాఠకుడు, ఫీనిక్స్)

జవాబు: ఆ పేరు పెట్టింది వేసినవారు కాదు, చాలా శతాబ్దాల తర్వాత వచ్చి చూసిన క్రైస్తవులు. వారికి తెలిసిన దైవం పేరు వారు పెట్టారు; టీవీ వారికి తెలిసిన దైవం పేరు వారు పెట్టారు. గుండ్రటి పెద్ద కళ్లు, కాళ్లు లేని ఒళ్లు గ్రహాంతరవాసికి సాక్ష్యమైతే, దాని పక్కనే శ్రద్ధగా వేసిన కొమ్ముల గొర్రెలూ వేట మనుషులూ ఏ గ్రహం నుంచి వచ్చాయో కూడా చెప్పాలి కదా. ఈ ఆకారాలు పూర్వీకుల ఆత్మలు కావచ్చునని, పూనకంలో మంత్రగాళ్లకు కనిపించిన రూపాలు కావచ్చునని పండితులు ఊహించారు. ఆ ఊహలు గౌరవించదగినవే, కాని ఊహలే. అర్థం తెలుసని ఢంకా బజాయించి చెప్పే గైడు కన్నా, గొర్రె కొమ్ములు ఎటు తిరిగాయో చూపించే గైడు మీకు ఎక్కువ నేర్పుతాడు.

ప్రశ్న: మా అమ్మాయికి బొమ్మలంటే ప్రాణం. కాగితం ఆనించి, పైన పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవచ్చా? రంగు బాగా కనపడాలంటే నీళ్లు చల్లుతారని విన్నాను.
(ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: రెండూ చేయకూడదు. ఇసుకరాయి గట్టిగా కనిపించినా పై పొర వేలితో రాస్తే రేణువులుగా రాలుతుంది. రంగు పట్టుకొని ఉన్నది ఆ పొరనే. కాగితం రుద్దితే రంగుతో సహా అది లేచిపోతుంది. నీళ్లు చల్లినప్పుడు కాసేపు రంగు ముదిరి కనిపిస్తుంది గాని, రాతిలోని లవణాలు కరిగి, ఆరేటప్పుడు పైకి వచ్చి పేరుకొని పొరను పొట్టులా లేపుతాయి. చేత్తో తాకినా ఒంటి నూనె రాతికి అంటుతుంది. సుద్దముక్కతో అంచులు దిద్ది ఫోటో తీసే పాత అలవాటు కూడా ఎన్నో గోడలను పాడుచేసింది.

1979 నాటి పురావస్తు సంపద రక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ భూమిలోని ఇలాంటి వాటిని తెలిసి పాడుచేస్తే మొదటి తప్పుకే 10,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. నష్టం విలువ 500 డాలర్లు దాటితే 20,000 డాలర్లు, రెండేళ్లు. అయితే చట్టం జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు. మోయబ్ దగ్గర ఆర్చెస్ పార్కులోని కోర్ట్‌హౌస్ వాష్ గోడను 1980లో ఎవరో దారుణంగా పాడుచేశారు. నిపుణులు చాలావరకు శుభ్రం చేయగలిగారు, ఆ పనిలో అడుగున దాగి ఉన్న అంతకన్నా పాత చిత్రాలు కూడా బయటపడ్డాయి. అలాంటి అదృష్టం ప్రతి గోడకూ పట్టదు.

మీ అమ్మాయికి ఒక గీతల పుస్తకం, మెత్తటి పెన్సిళ్లు, మంచి బైనాక్యులర్స్ ఇచ్చి, గోడకు దూరంగా కూర్చోబెట్టండి. అచ్చు తీయడం అయిదు నిమిషాల పని. చూసి గీయడానికి గంట పడుతుంది, ఆ గంటలో చూపుకు దొరికేది అచ్చులో దొరకదు. కూర్చునే చోటు మాత్రం దారి మీదో, బండ మీదో, వాగు ఇసుకలోనో ఉండాలి. దారి పక్కన నల్లగా బొడిపెలు బొడిపెలుగా కనిపించే మట్టి నిజానికి సూక్ష్మజీవులు కట్టిన సజీవమైన పొర. గాలికి నేల కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే అది మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. నేల మీద రాతి పనిముట్ల ముక్కలు, కుండపెంకులు కనిపిస్తే ఉన్నచోటనే వదిలేయాలి.

ప్రశ్న: రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు లోయలో నడిచి రాతిచిత్రాలు చూడాలని నా కోరిక. హార్స్‌షూ అలా ఉంటుందా?
(ఒక పాఠకుడు, లాస్ వేగాస్)

జవాబు: ఉండదు. హార్స్‌షూ గోడలు ఎత్తయినవే గాని అడుగు విశాలం. మీరు కోరేది యూటా, అరిజోనా సరిహద్దు దగ్గరి వైర్ పాస్. సుమారు మైలున్నర పైచిలుకు నడకలో గోడలు దగ్గరపడుతూ వచ్చి, కొన్నిచోట్ల భుజం తిప్పుకొని నడవవలసి వస్తుంది. అది బక్‌స్కిన్ గల్చ్ అనే మహా పొడవైన ఇరుకు లోయలో కలిసేచోట, గోడ అడుగున కొమ్ముల గొర్రెల చెక్కడాలు ఉన్నాయి. ఇవి రంగు బొమ్మలు కావు. రాతి మీద ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లతో, బంకమట్టితో ఏర్పడిన నల్లటి పూతను మరో రాయితో పొడిచి, అడుగునున్న లేత రంగు బయటపడేలా చేసినవి. అక్కడ నడవడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఇరుకు లోయల్లో అన్నిటికన్నా పెద్ద భయం మెరుపు వరద. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు కొట్టుకుపోయారు. వాన పడింది వారి నెత్తిన కాదు, చాలా మైళ్ల ఎగువన. బండరాళ్ల నేల నీటిని పీల్చుకోదు కాబట్టి ఎక్కడో కురిసినదంతా ఒక్కసారిగా ఆ ఇరుకు సందులోకి దూకుతుంది. అందువల్ల మీరు నిలుచున్న చోటి ఆకాశం నిర్మలంగా ఉందని ధైర్యపడకూడదు. వాతావరణ శాఖ వారు ఆ ప్రాంతానికి ఏ రోజుకు ఆ రోజు వరద ప్రమాద సూచన ఇస్తారు. ఎగువ ప్రాంతమంతటికీ ఆ సూచన ఏముందో ఉదయమే చూసుకొని, ఉరుముల వాన పడే అవకాశం కాస్త ఉందన్నా ఆ రోజుకు లోపలికి దిగకండి. లోపల ఉండగా నీరు మట్టి రంగుకు తిరిగినా, కొట్టుకొచ్చే కొమ్మలు కనిపించినా, ఎగువ నుంచి హోరు వినిపించినా సామాన్లు వదిలేసి ఎత్తయిన చోటికి ఎక్కాలి. వైర్ పాస్‌లో అలాంటి చోట్లు అన్ని మలుపుల్లోనూ ఉండవు కాబట్టి, లోపలికి వెళ్తున్నప్పుడే ఎక్కడెక్కడ ఎక్కవచ్చో గుర్తుపెట్టుకుంటూ నడవండి.